సముద్రానికి తట్టుకునే ఫైబర్ పడవ – ఆరవ పాఠం: ఆరిన పొర మీద కొత్త పొర

ఈ పాఠంలో హల్ (పడవ గుల్ల) లోపల అడ్డగోడలను, స్ట్రింగర్లను (గుల్లకు పొడవునా బలమిచ్చే దూలాలను) అతికించే పని చెప్పాలని అనుకున్నాను. అయితే అయిదవ పాఠంలోని అభ్యాసం చేసి రాసినవారిలో ఎక్కువమందికి ఒకే ఇబ్బంది ఎదురైంది. గాజు, రెజిన్‌ల పొరలు మూడు వేసి పని ఆపారు, వారం పది రోజుల తరువాత నాలుగవది వేశారు, అది పైకి చక్కగా గట్టిపడింది, తీరా అంచును రంపంతో కోసి చూస్తే పలక రెండుగా విడిపోయింది. ఒకరి పలకలోనైతే పై పొర వేలి గోటితో ఎత్తగానే పాత గోడకాగితంలా మొత్తంగా లేచివచ్చిందట. “మధ్యలో ఆపవలసి వస్తే గరుకు చేసి కొనసాగించండి” అని ఒక్క వాక్యంతో నేను ముగించడం వల్ల వచ్చిన చిక్కు ఇది. కాబట్టి అడ్డగోడల పనిని కొంతసేపు పక్కన పెడదాం.

పాలిస్టర్ రెజిన్ (గాజు పోగులను తడిపి గట్టిపడే ద్రవం) గట్టిపడిన తొలి గంటలలో దాని ఉపరితలంలో రసాయన చర్య ఇంకా పూర్తిగా ముగిసిపోయి ఉండదు. పైన గాలి తగిలిన చోట జిగురుగా మిగిలే పలుచని పొరలోను, దాని కిందను ఇంకా కలవగల అణువులు ఉంటాయి. ఆ సమయంలో వేసిన కొత్త రెజిన్ వాటితో రసాయనికంగానే కలిసిపోతుంది. ఈ గడువు రెజిన్‌ను, ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. తయారీదారు ఇచ్చిన సాంకేతిక పత్రంలోని గడువే ప్రమాణం, నేను మాత్రం ఒక రోజు దాటితే దాన్ని ఆరిన పొరగానే లెక్కిస్తాను. ఆ తరువాత మిగిలేది కేవలం గరుకుతనం పట్టు. కొత్త రెజిన్ పాత పొర గీతలలోకి దిగి పట్టుకోవాలి, గీతలు లేకపోతే పట్టు లేదు. ఇక జిగురు మిగలకుండా ఉండేందుకు మైనం కలిపిన రెజిన్ వాడినవారికి ఆ ఒక్క రోజు గడువు కూడా లేదు, ఎందుకంటే రెజిన్ గట్టిపడుతుండగానే మైనం పైకి తేలి ఉపరితలాన్ని కప్పేస్తుంది.

ఒడ్డున నిలబెట్టిన పడవలో ఈ లోపం ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. పెద్ద అల మీదికి ఎక్కిన పడవ కిందికి పడి నీటిని కొట్టినప్పుడు అడుగు పలక లోపలికి వంగుతుంది. అలా వంగిన ప్రతిసారీ పలక మందం నడుమ ఒక పొర మరొక పొర మీద జారాలని చూస్తుంది, ఆ జారుడు ఒత్తిడి సరిగ్గా మందం మధ్యలోనే అత్యధికం. పలక బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 8 మి.మీ. ఏకపలక నడుమ విడిపోయి రెండు 4 మి.మీ. పలకలుగా మారితే మిగిలే బిగువు నాలుగవ వంతు మాత్రమే. గాజు అంతే ఉంటుంది, బరువూ అంతే ఉంటుంది, కానీ ఆ పడవ ఉప్పెన నీటిలో నిలవదు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే పొరపాటు గురించి చెప్పాలి. విడిపోయిన పలకల గురించి రాసినవారందరూ “అసిటోన్‌తో శుభ్రంగా తుడిచాను” అన్నారు. అసిటోన్ ఆవిరైపోతుంది, తుడిచిన చోటు పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది, అందుకే అది నమ్మిస్తుంది. కానీ అసిటోన్‌లో మైనం దాదాపుగా కరగదు. ఆ గుడ్డ మైనాన్ని తీసివేయదు, ఒక మూల ఉన్నదాన్ని పలక అంతటికీ పులుముతుంది. అంతకంటే చెడ్డది ముందు గ్రైండర్ పెట్టి తరువాత తుడవడం: గ్రైండర్ వేడికి మైనం మెత్తబడి కొత్తగా పడిన గీతలలోకే దిగిపోతుంది. కాబట్టి వరుస మారకూడదు. ముందు స్టైరీన్‌తోగాని (పాలిస్టర్ రెజిన్‌లోనే ఉండే ద్రావకం), మైనం తీయడానికే ఉద్దేశించిన ద్రావకంతోగాని తుడవాలి, గుడ్డను ఒకే దిశలో లాగాలి, ప్రతి లాగుకు గుడ్డ ముఖం మార్చాలి. ఆ తరువాతే 40 లేదా 60 నంబరు కాగితంతో గరుకు చేయాలి. ఆ దుమ్మును తుడవకుండా వాక్యూమ్‌తో పీల్చాలి. చివరగా కొన్ని నీటి చుక్కలు చల్లి చూడాలి, నీరు పలుచగా పరుచుకుంటే మైనం పోయినట్లు, తామరాకు మీద బొట్ల మాదిరిగా గుండ్రంగా నిలిస్తే మళ్లీ మొదటికి రావాలి. పరీక్ష తరువాత పలక పూర్తిగా ఆరేదాకా రెజిన్ డబ్బా తెరవకూడదు.

రోవింగ్ (మందపు గాజు పోగులతో నేసిన గుడ్డ) మీద పని ఆపినవారికి మరొక కష్టం ఉంది. గరుకు చేశాక టార్చిని పక్కనుంచి వాలుగా పట్టి చూడండి. నేతలోని ఎత్తులు తెల్లగా మసకబారి ఉంటాయి, పల్లాలలో మాత్రం చిన్న చిన్న మెరుపులు మిగిలి ఉంటాయి. ఆ మెరుపు ఉన్న చోటల్లా పట్టు లేదు. పల్లాల దాకా అరగదీస్తే ఎత్తులలోని గాజు పోగులు తెగుతాయి. అందుకే ఆపవలసి వస్తే మ్యాట్ (తుంచిన గాజు పోగులను అతికించి చేసిన నేత లేని పరుపు) పొర మీదే ఆపండి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కూడా మొదటి పొరగా చదరపు మీటరుకు 300 లేదా 450 గ్రాముల మ్యాట్ వేయండి.

నా అలవాటు ఇంకా సులువైనది. అడ్డగోడలు, స్ట్రింగర్లు వచ్చే గీతల వెంట తడి రెజిన్ మీదనే పీల్ ప్లై (రెజిన్ ఆరాక ఊడదీయగల నేత గుడ్డ) పరుస్తాను, అతికించే రోజున చింపి తీస్తాను. దాని కింద మైనంగాని దుమ్ముగాని చేరదు. తీసిన తరువాత కూడా చేత్తో తేలికగా కాగితం రుద్దుతాను, అది మానలేను. జారుడు పూత ఉన్న గుడ్డ మాత్రం ఈ పనికి వద్దు. అసలు నెలలు దాటిన హల్ అయితే అడ్డగోడను హల్‌కు కలిపే గాజు పట్టీలకు ఎపాక్సీ (మరో రకం రెజిన్) వాడటమే నాకిష్టం, ఆరిన పాలిస్టర్‌ను అది పాలిస్టర్ కంటే బాగా పట్టుకుంటుంది. అయితే మామూలు మ్యాట్‌లోని బంధకం స్టైరీన్‌లో కరిగేది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కనుక ఎపాక్సీ వాడేటప్పుడు మ్యాట్ బదులు నేసిన గాజు గుడ్డనే వాడాలి, ఎపాక్సీ వేసిన చోట తిరిగి పాలిస్టర్ వేయకూడదు.

అడ్డగోడ విషయంలో ఇప్పటికి ఇంత చాలు: దాని అంచు హల్‌ను నేరుగా తాకకూడదు, నడుమ ఫోమ్ పట్టీ ఉండాలి, లేకపోతే వంగే పలకకు ఆ గీత దగ్గర గట్టి అంచు ఏర్పడి అక్కడే పగులు మొదలవుతుంది. మూలను ఫిల్లర్‌తో గుండ్రంగా నింపి, పట్టీల అంచులు ఒకే గీత మీద ముగియకుండా ఒక్కొక్కటి 25 మి.మీ. దూరంలో ముగించాలి. మిగతాది ఏడవ పాఠంలో చెబుతాను.

అభ్యాసం ఈసారి దాదాపు రెండున్నర వారాలు పడుతుంది, దయచేసి కుదించవద్దు. ఒకే రోజున, ఒకే రెజిన్‌తో, 100 గ్రాముల రెజిన్‌కు 1.5 గ్రాముల క్యాటలిస్ట్‌ను (రెజిన్‌ను గట్టిపరిచే రసాయనాన్ని) త్రాసులో తూచి కలిపి, మూడు పొరల మ్యాట్‌తో నాలుగు పలకలు చేయండి. మొదటిదాని మీద ఆరు గంటలకు, రెండవదాని మీద పదిరోజులకు ఏమీ చేయకుండా, మూడవదాని మీద అదే పదవ రోజున అసిటోన్‌తో మాత్రమే తుడిచి, నాలుగవదాని మీద ఆ రోజునే పైన చెప్పిన వరుస అంతా పాటించి, మరో మూడు పొరలు వేయండి. అన్నిటికీ ఒక అంచున వెడల్పాటి టేపు పెట్టి ఉలి దూరే సందు ఉంచండి. వారం ఆగి ఆ సందులో ఉలి దించి సుత్తితో కొట్టండి. విడిపోయిన ముఖాలను పగటి వెలుగులో చూడండి: రెండు వైపులా తెల్లని గాజు పోగులు చిరిగి లేచి ఉంటే పట్టు నిలిచినట్లు, ఒక వైపు అద్దంలా నున్నగా మెరుస్తుంటే లేనట్లు. నాలుగు ముక్కల మీద తేదీ, సమయం, తుడిచిన తీరు రాసి దాచండి, నాలుగవ పలకలో ఎక్కడైనా మెరుపు కనిపిస్తే హల్‌లో అడ్డగోడ పెట్టకముందే ఆ పలకను మళ్లీ చేయండి.