మేధో వైకల్యం ఉన్న పెద్దవారికి మంచి హోమ్ ఎలా ఎంచుకోవాలి?

పిల్లల్ని హోమ్‌లో, అంటే అక్కడే ఉంచుకుని బాగోగులు చూసుకునే చోట చేర్చే సంగతి ఎత్తడం ఏ తల్లిదండ్రులకూ ఇష్టం ఉండదు. ‘మేం ఉన్నన్నాళ్లూ మేమే చూసుకుంటాం’ అంటారు. ఆ తర్వాత ఏమిటన్నది మాత్రం మాట్లాడరు. తీరా అమ్మ మంచాన పడ్డాకో, పోయాకో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ హడావుడిగా చేర్చేస్తారు. అమ్మ లేని దుఃఖం, ఇల్లు మారిన గందరగోళం ఒకేసారి మీద పడితే ఎవరైనా తట్టుకోలేరు. మీకు తిరిగే ఓపిక ఉన్నప్పుడే వెతకడం మొదలుపెట్టండి. ఎప్పుడు చేర్చాలన్నది తర్వాత ఆలోచించవచ్చు. ఇక్కడ ‘మీ అబ్బాయి’ అని రాస్తున్నాను గానీ అమ్మాయైనా, తమ్ముడైనా పద్ధతి ఒకటే.

1. ముందు అతన్నే అడగండి

ఇంట్లో అందరికీ ‘బాబు’ అయినా వయసు ముప్పై దాటింది. ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు వికలాంగులకూ ఉందని 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలోని 19వ అధికరణం చెబుతోంది. అయితే ‘అక్కడ ఉంటావా?’ అంటే చాలామంది ‘ఊఁ’ అనేస్తారు. ఏది అడిగినా ఊఁ అనడం ఏళ్లుగా అలవాటై ఉంటుంది. కాసేపాగి ‘ఇంట్లోనే ఉంటావా?’ అని తిప్పి అడగండి. దానికీ ఊఁ అంటే మొదటి జవాబును లెక్కలోకి తీసుకోకండి. రెండు గదుల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించండి, వెంట తీసుకెళ్లండి. మాటలు రాని మనిషి గుమ్మం దగ్గరే ఆగిపోయినా, వచ్చేటప్పుడు లేవనని కూర్చున్నా జవాబు చెప్పినట్టే.

2. మీకు తెలిసిందంతా రాసిపెట్టండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. మందుల పేర్లు, మోతాదు ఎలాగూ రాస్తారు. పంటి నొప్పి వస్తే చెంప మీద కొట్టుకుంటాడని, భయమేస్తే నవ్వుతాడని, మాత్ర మింగినట్టు నటించి బుగ్గలో దాచుకుంటాడని మీకు తప్ప ఎవరికి తెలుసు?

ఆరోగ్యం విషయంలో నాలుగు సంగతులు తప్పనిసరి. అన్నం ముద్ద ఎంత ఉండాలి, తింటూ దగ్గుతాడా అన్నది మొదటిది. సరిగా మింగలేక ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. రెండోది మలబద్ధకం. చెప్పుకోలేని వాళ్లలో ఇది ముదిరి పేగులకు అడ్డుపడే దాకా వెళ్లవచ్చు, కాబట్టి మామూలుగా ఎన్ని రోజులకోసారి విరేచనం అవుతుందో రాయండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మూడోది ఫిట్స్: ఎలా మొదలవుతుంది, సాధారణంగా ఎంతసేపు ఉంటుంది. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలని పెద్ద అక్షరాలతో రాయండి. నాలుగోది డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో ఉండే జన్యుపరమైన స్థితి): ఇది ఉంటే థైరాయిడ్ పరీక్ష క్రమం తప్పకూడదు. నలభై దాటాక మతిమరుపు మీద కూడా ఓ కన్నేయాలి, వీళ్లకు డిమెన్షియా ముందుగానే రావచ్చు.

3. చెప్పకుండా వెళ్లి చూడండి

చెప్పి వెళ్లిన రోజు ఎక్కడైనా అంతా శుభ్రంగానే ఉంటుంది. అందుకే ఒకసారి భోజనాల వేళ, ఒకసారి సెలవు రోజున చెప్పకుండా వెళ్లండి. తినిపించే మనిషి ఎదురుగా కూర్చుని, ఒక ముద్ద మింగాకే ఇంకోటి పెడుతున్నారా, లేక నిలబడి ఫోన్ మాట్లాడుతూ కుక్కుతున్నారా? బాత్రూంలో టూత్‌బ్రష్‌లు ఎవరివి వారికి ఉన్నాయా? అందరూ తమ సొంత బట్టలే వేసుకుంటున్నారా? టీవీ ఛానల్ ఎవరు మారుస్తున్నారు? తోటకంటే, పెయింట్ కంటే నేను వీటికే మార్కులు వేస్తాను.

అడగాల్సినవి: రాత్రి ఎంతమంది సిబ్బంది ఉంటారు, మేలుకుని ఉంటారా, పడుకుంటారా? గత ఏడాది సిబ్బందిలో ఎంతమంది పని మానేశారు? ఎవరైనా కోపంతో వస్తువులు విసిరితే ఏం చేస్తారు? ‘డాక్టర్‌తో మాత్ర రాయించేస్తాం’ అన్నదే మొదటి జవాబైతే వెనక్కి తిరగండి. ‘నెల రోజులు చూడ్డానికి రావద్దు, అలవాటు పడాలి’ అనే చోటికీ పంపకండి.

4. కాగితాలు

ఫీజులో ఏమేం కలిసి ఉన్నాయి, ఏ కారణాలతో పంపించేయవచ్చు, అతని డబ్బు ఖర్చుకు లెక్క ఎవరు రాస్తారు, ఇవన్నీ ఒప్పందంలో ఉండాలి. మీ అబ్బాయి మేజరైతే, తల్లిదండ్రులైనంత మాత్రాన అన్నిచోట్లా సంతకం చేసే అధికారం ఉండదు. ముందే లాయర్‌ని కలవండి.

5. మెల్లగా అలవాటు చేయండి

మొదట ఓ పూట, తర్వాత ఒక రాత్రి, ఆపైన శని ఆదివారాలు. ఇంట్లో వాడిన దిండుగలీబు ఉతకకుండా పంపండి. కొత్త చోట నిద్ర పట్టడానికి ఆ వాసన పనికొస్తుంది.

6. చేర్చాక

బరువు, విరేచనం, నిద్ర, మందుల మార్పులు వెళ్లినప్పుడల్లా అడగండి. ఉన్నట్టుండి గొడవ చేస్తున్నాడన్నా, ముభావంగా ఉంటున్నాడన్నా ‘వీళ్లింతే’ అని వదిలేయనివ్వకండి. ముందు పన్ను, చెవి, కడుపు చూపించాలి. ఒంటి మీద కారణం తెలియని గాయం కనిపిస్తే తేదీతో ఫొటో తీసి, ఆ రోజే రాతపూర్వకంగా వివరణ అడగండి. సరైన జవాబు రాకపోతే హోమ్‌కు లైసెన్సు ఇచ్చిన శాఖకు ఫిర్యాదు చేయండి, దెబ్బలు కొట్టారన్న అనుమానం ఉంటే నేరుగా పోలీసులకే వెళ్లండి.