మిషన్ మీద బొంత కుట్టేటప్పుడు ఏ సైజు సూది వెయ్యాలి

పైన గుడ్డ, మధ్యలో బ్యాటింగ్ (దూది లాంటి మెత్తటి పొర), కింద ఇంకో గుడ్డ, మూడు పొరలు కదా అని చాలామంది ఏకంగా 100/16 లావు సూది పెట్టేస్తారు, తర్వాత బొంత నిండా బెజ్జాలు కనిపిస్తుంటే మిషన్‌లో దారం బిగువు మార్చే టెన్షన్ తిప్పుతూ కూర్చుంటారు. పొరలకన్నా ముందు చూడాల్సింది దారాన్ని.

ప్యాకెట్ మీద 90/14 అని ఉంటే, 90 అంటే సూది లావు 0.9 మిల్లీమీటర్లు, 14 అంటే అదే లావుకి అమెరికన్ నంబర్. సూది నంబర్ పెరిగేకొద్దీ లావవుతుంది, దారం వెయిట్ నంబర్ పెరిగేకొద్దీ సన్నబడుతుంది, తికమకంతా ఇక్కడే. 50 వెయిట్ కాటన్ దారానికి 80/12 వెయ్యండి, 40 వెయిట్‌కి 90/14, 12 వెయిట్ లాంటి లావు దారానికైతే 100/16, సన్నటి 100 వెయిట్ సిల్క్‌కి 60/8 గానీ 70/10 గానీ.

ఎందుకంటే సూది ముందువైపు పైనుంచి కిందదాకా ఒక గాడి ఉంటుంది, దారం అందులో ఒదిగి గుడ్డలోకి దిగాలి. గాడిలో పట్టకపోతే గుడ్డకి రాసుకుని పీచులు లేచి తెగిపోతుంది. అదే సన్న దారానికి లావు సూది వేస్తే బెజ్జం పెద్దదైపోయి కింది బాబిన్ దారం పైకి చుక్కల్లా కనిపిస్తుంది.

అనుమానంగా ఉంటే సూదిని మిషన్‌కి బిగించకముందే దారం ఎక్కించి, దారాన్ని రెండు చేతుల్తో ఏటవాలుగా బిగించి పట్టుకోండి. సూది దానంతటదే జారిపోతే సరిపోయినట్టే, మధ్యలో ఆగితే ఒక సైజు పెంచండి.

రకం కూడా చూస్కోండి. క్విల్టింగ్ సూది 75/11, 90/14 సైజుల్లో వస్తుంది, మొన సన్నగా ఉండి పొరల్లోకి బాగా దిగుతుంది. మెటాలిక్ దారం తెగుతూ ఉంటే టాప్‌స్టిచ్ 90/14 పెట్టి చూడండి, దాని కన్ను పెద్దది. బాటిక్ లాంటి బిగువు నేతకి మైక్రోటెక్స్ (మొన బాగా సన్నగా, పదునుగా ఉండే సూది) మంచిది. ఫ్రీ మోషన్‌లో, అంటే గుడ్డని మనమే చేత్తో అటూ ఇటూ కదుపుతూ కుట్టేటప్పుడు, గుడ్డ లాగినప్పుడల్లా సూది వంగుతుంది కాబట్టి 80/12తో కుట్లు తప్పుతుంటే 90/14కి వెళ్ళడమే నయం.

సుమారు 8 గంటలు కుట్టాక సూది మార్చేయండి, టక్ టక్ చప్పుడొస్తే అంతకన్నా ముందే. బొంత మీదకెళ్ళే ముందు అదే గుడ్డ, అదే బ్యాటింగ్ ముక్కల మీద ఓ జానెడు కుట్టి వెనక్కి తిప్పి చూడండి, వెనకవైపు కూడా కుట్లు సమంగా పడ్డాకే అసలు బొంత పెట్టండి.