మధ్యగతం, క్వార్టైల్స్, బాక్స్ ప్లాట్: కాగితం మీద మీరే గీయడం ఎలా?

సంఖ్యల జాబితా చేతికి రాగానే చాలామంది సగటు తీసేసి పని అయిపోయింది అనుకుంటారు. ఒక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసిన 11 మంది ఎన్నేసి నిమిషాలు లైన్‌లో ఆగారో చూడండి: 12, 7, 52, 9, 4, 15, 8, 18, 6, 13, 10. మొత్తం 154, అంటే సగటు 14 నిమిషాలు. కానీ వీళ్లలో 8 మంది 14 నిమిషాల కంటే తక్కువే ఆగారు! ఒక్క 52 సగటుని అంత పైకి లాగేసింది. ఇలాంటి చోట సగటు ఒక్కటే చెప్పి వదిలేయడం నాకు అస్సలు నచ్చదు.

ముందు అన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసలో పెట్టండి: 4, 6, 7, 8, 9, 10, 12, 13, 15, 18, 52. ఇది మర్చిపోతే లెక్క మొత్తం తప్పుతుంది, ఎందుకంటే పైన ఇచ్చిన వరుసలో సరిగ్గా నడిమిన ఉన్నది 15. ఇప్పుడు ఆరోది 10, అదే మధ్యగతం. 52 బదులు 520 ఉన్నా అది 10 దగ్గరే ఉంటుంది, సగటు మాత్రం 56 దాటిపోతుంది. సరిసంఖ్యలో విలువలుంటే మధ్యనున్న రెండిటినీ కూడి సగం చేస్తే సరి.

తర్వాత క్వార్టైల్స్, అంటే వరుసలో పెట్టిన జాబితాని నాలుగు దాదాపు సమాన భాగాలుగా విడగొట్టే విలువలు. మధ్యగతాన్ని పక్కన పెట్టి, ఎడమవైపు ఐదింటికి (4, 6, 7, 8, 9) మళ్లీ మధ్యగతం తీయండి, 7 వస్తుంది. కుడివైపు ఐదింటికి 15. ఇవే మొదటి, మూడో క్వార్టైల్స్. ఎక్సెల్‌లో ఒక ఫార్ములా వాడితే ఇవే వస్తాయి, ఇంకో ఫార్ములా వాడితే 7.5, 14 వస్తాయి. టెన్షన్ పడకండి, క్వార్టైల్స్ లెక్కకి ఒకటి కంటే ఎక్కువ పద్ధతులున్నాయి, ఏది మొదలుపెట్టారో చివరిదాకా అదే వాడండి.

ఇక బొమ్మ, అదే బాక్స్ ప్లాట్. దీన్ని ఇప్పుడున్న రూపంలో 1970లలో ప్రచారంలోకి తెచ్చింది అమెరికా గణాంకవేత్త జాన్ టుకీ. 0 నుంచి 60 దాకా స్కేలు గీసి, దాని పైన 7 నుంచి 15 వరకు ఒక పెట్టె, అందులో 10 దగ్గర నిలువు గీత గీయండి. పెట్టె పొడవు 8. దాన్ని 1.5తో గుణిస్తే 12. 7 లోంచి 12 తీసేస్తే -5, 15కి 12 కలిపితే 27. ఈ హద్దుల్లో ఏదో ఒకటి దాటినవి అవుట్‌లయర్స్, అంటే మిగతావాటికి బాగా దూరంగా ఉన్న విలువలు; మనకి 52 ఒక్కటే ఉంది కాబట్టి అక్కడ చుక్క పెట్టండి. పెట్టెకి రెండువైపులా గీసే అడ్డగీతల్ని మీసాలు అంటారు, అవి హద్దుల దాకా పోవు, హద్దుల లోపలున్న చివరి అసలు విలువ దగ్గరే ఆగాలి: ఎడమవైపు 4, కుడివైపు 18. చాలామంది మీసాన్ని 27 దాకా లాగేస్తారు, అది తప్పు.

చదివేటప్పుడు ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి. పెట్టెలో 7 నుంచి 10 వరకు ఉన్న ముక్క కంటే 10 నుంచి 15 వరకు ఉన్న ముక్క పెద్దది కదా, అక్కడ ఎక్కువమంది ఉన్నారనిపిస్తుంది. కాదు. ఒక్కో ముక్కలో ఉన్నది దాదాపు పావు వంతే, పెద్ద ముక్క అంటే విలువలు దూరదూరంగా ఉన్నాయని. మన ఉదాహరణలో సాగుదల కుడివైపుకి ఉంది, అంటే కొందరు మిగతావాళ్ల కంటే బాగా ఎక్కువసేపు ఆగారు.

ఆ 52ని మాత్రం అవుట్‌లయర్ అయ్యింది కదా అని కొట్టేయకండి, దయచేసి. ఎక్కించేటప్పుడు 5.2 కాస్తా 52 అయ్యిందేమో చూడండి, అలా అయితే సరిదిద్దండి. నిజంగానే ఒక మనిషి 52 నిమిషాలు ఆగి ఉంటే ఆ జాబితాలో అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సింది అదే.

బాక్స్ ప్లాట్ బాగా పనికొచ్చేది రెండు మూడు గుంపుల్ని పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు, ఉదయం కాల్స్‌కి ఒక పెట్టె, సాయంత్రం కాల్స్‌కి ఒకటి, రెండిటికీ ఒకటే స్కేలు. కానీ విలువలు రెండు చోట్ల గుంపుగా చేరి మధ్యలో ఖాళీ ఉంటే పెట్టె దాన్ని దాచేస్తుంది, ఎన్ని విలువలున్నాయో కూడా చెప్పదు. అందుకే ప్రతి పెట్టె పక్కన ఎన్ని విలువలో రాయండి, తక్కువే ఉంటే చుక్కలన్నీ పెట్టె మీదే పెట్టేయండి.