చదును నేల మీద నడిపి చూసి కొనకండి: టూ స్ట్రోక్ మట్టిదారి బండ్లు, జాగ్రత్తలు

పోయిన ఆదివారం గుత్తి వైపు ఒక గుట్ట మీద ఇరవై ఏళ్ల కుర్రాడు పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది, భుజం దగ్గరి ఎముక రెండు ముక్కలైంది. బండి 300 సీసీ టూ స్ట్రోక్. విదేశాల నుంచి వచ్చినదాన్ని ఎవరో వాడి అమ్మితే కొన్నాడు, కొని పదకొండు రోజులే అయింది. నడపడం రానివాడు కాదు. వాళ్ల నాన్న పాత ఆర్‌ఎక్స్ 100 మీద ఐదేళ్లు తిరిగాడు. కొనేముందు బండిని ఎక్కడ నడిపి చూశావని మంచం పక్కన కూర్చుని అడిగాను. "మైదానంలో అన్నా, రెండు చుట్లు. చాలా సాధువుగా నడిచింది" అన్నాడు.

ఈ మాట నేను మొదటిసారి వినడం కాదు. అనంతపురంలో ఇరవై ఏళ్లుగా టూ స్ట్రోక్ ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. కట్టు కట్టిన చేతితో బండి అమ్మిపెట్టమని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పు ఒక్కటే. చదును నేల మీద నడిపి చూసి బండి ఎంచుకున్నారు.

దసరా సెలవులు దగ్గర పడ్డాయి. వానలకు ఎర్రనేల మెత్తబడింది, వంకల గట్లు కోసుకుపోయాయి, నిన్నమొన్నటి దాకా కనిపించిన గుంతల మీద గడ్డి లేచింది. హెల్మెట్ పెట్టుకోండి, బూట్లు వేసుకోండి అని ఇక్కడ రాయను, అవి మీకు తెలుసు. చిన్న ఇంజన్ తీసుకోవాలా, పెద్దది తీసుకోవాలా అనే దగ్గర జరిగే పొరపాటు గురించే రాస్తాను.

ముందు తూకం, బలం

మన జిల్లాల్లో టూ స్ట్రోక్ అంటే ఇప్పటికీ అందరికీ గుర్తొచ్చేది 1985 నుంచి 1996 వరకు తయారైన ఆర్‌ఎక్స్ 100. దాని బలం సుమారు 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోల పైచిలుకు. ఇప్పటి 300 ఎండ్యూరో బండి (గుట్టలు, రాళ్ల దారుల్లో దూరం నడపడానికి చేసినది) కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. బలం మాత్రం 50 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉంటుంది. చేతికి తెలిసిన బరువే కావడంతో బండి కూడా తెలిసినదే అనిపిస్తుంది. ఆ కుర్రాడికీ అలాగే అనిపించింది.

చిన్నదే కదా అనుకునే 125 మోటోక్రాస్ బండి (మట్టి ట్రాక్ పందేలకు చేసినది) పది కిలోలు తక్కువ తూగుతుంది, కానీ 35 హార్స్‌పవర్ దాటుతుంది. అంటే అది కూడా ఆర్‌ఎక్స్‌కు మూడింతలు. సీటు ఎత్తు వీటిలో చాలావాటికి 950 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఆర్‌ఎక్స్ సీటు కంటే దాదాపు జానెడు పైన. మైదానంలో మునివేళ్లు ఆనితే చాలనిపిస్తుంది. వాలు మీద బండి అడ్డంగా ఆగినప్పుడు దిగువ వైపు కాలికి నేల అందదు.

వాలు మీద ఏది ఏం చేస్తుంది

125, 150 బండ్లకు కింది వేగంలో పట్టు ఉండదు. ఇంజన్ బాగా తిరిగితేనే బలం వస్తుంది. గుట్ట ఎక్కేటప్పుడు భయపడి చేయి సడలిస్తే ఇంజన్ మూలిగి ఆగిపోతుంది, బండి వెనక్కి జారుతుంది. క్లచ్‌తో బలాన్ని నిలబెట్టుకోవడం నేర్చుకోక తప్పదు. కష్టమే. కానీ తప్పు చేసినప్పుడు ఎక్కువసార్లు ఇంజన్ ఆగిపోవడంతోనే సరిపోతుంది.

250 వేరు. ముఖ్యంగా మోటోక్రాస్ 250 మధ్య వేగం దాకా ఓపికగా వచ్చి, అక్కడి నుంచి ఒక్కసారిగా తన్నుకొస్తుంది. కొత్తవాళ్లకు నేను ససేమిరా వద్దనేది దీన్నే.

300 సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసపోయేది దీని దగ్గరే. యాక్సిలరేటర్ తిప్పీ తిప్పనట్టు ఉంచినా రెండో గేరులో బండరాయి ఎక్కేస్తుంది. ఆస్ట్రియాలోని ఎర్జ్‌బెర్గ్ గని గుట్ట మీద జరిగే పోటీలో బ్రిటన్ రైడర్ గ్రాహం జార్విస్ నడిపే తీరు చూసినవాళ్లకు ఇది తెలుస్తుంది. మనిషి నడిచినంత నెమ్మదిగా, చప్పుడు లేకుండా పైకి పోతాడు. చేయి నిలకడగా ఉన్నవాడికి 300 కంటే హాయైన బండి లేదు. అందుకే మైదానంలో రెండు చుట్లు తిప్పితే ఎవరికైనా నచ్చుతుంది. అదే బండి గుట్ట మీద ముందు చక్రం రాయికి తగిలి ఎగిరినప్పుడు మన ఒళ్లు వెనక్కి పోతుంది. పడిపోకుండా హ్యాండిల్ పట్టుకుని వేలాడతాం. వేలాడగానే మణికట్టు కిందికి దిగి యాక్సిలరేటర్ పూర్తిగా తెరుచుకుంటుంది. 125 అయితే ఆ క్షణంలో ఇంజన్ వేగం అందుకోక ఒక గుక్క తడబడుతుంది, ఆ గుక్కలో చేయి వదిలేయవచ్చు. 300 తడబడదు. యాభై హార్స్‌పవర్ ఒకేసారి మన చేతుల మీదుగా లాగేసుకుంటుంది. ఆ లాగుడుకు మనం ఇంకా వేలాడతాం, అది ఇంకా తెరుచుకుంటుంది.

చదును నేల మీద ఇదేదీ కనిపించదు. చదును నేల మీద నడిపి చూసి బండి ఎంచుకోకండి.

మరి ఎలా ఎంచుకోవాలి

అమ్మేవాడిని వాలు దగ్గరికి రమ్మనండి. చెరువు కట్ట వాలైనా చాలు. సగం ఎక్కి ఆపండి. అక్కడి నుంచి వెనక్కి జారకుండా, ముందు చక్రం లేవకుండా మళ్లీ కదిలించగలగాలి. తర్వాత ఇంజన్ ఆపి, హ్యాండిల్ దిగువ వైపు ఉండేలా బండిని వాలు మీద పడుకోబెట్టండి. ఒక్కరే లేపండి. మూడుసార్లు లేపండి. మూడోసారికి చేతులు వణికితే ఆ బండి మీది కాదు, ఎంత తక్కువ ధరకు వచ్చినా మీది కాదు. వేసవిలో అనంతపురం ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గుట్ట మీద పదోసారి లేపాల్సి వచ్చినప్పుడు పక్కన ఎవరూ ఉండరు.

పిల్లలకు కొనే తల్లిదండ్రులకు ఒక మాట. 2024 చివర్లో కేటీఎం మన దేశంలో 50, 65, 85 సీసీ టూ స్ట్రోక్ మోటోక్రాస్ బండ్లు అమ్మకానికి తెచ్చింది. అవి పిల్లల ఎత్తును బట్టి చేసినవి. ఎలాగూ ఎదుగుతాడు కదా అని పన్నెండేళ్లవాడికి 125 కొనకండి. చొక్కా వదులుగా కుట్టించినట్టు బండి కొనకూడదు.

కొన్న తర్వాతి సంగతులు. ఆయిల్ కలిపే బండి అయితే తయారీదారు చెప్పిన పాళ్లే వాడండి. 50కి 1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 40కి 1 అంటే 25. సీసా మూతతో, కంటి లెక్కతో పోయకండి. కొలపాత్ర ఖరీదు ఎంత, పిస్టన్ ఖరీదు ఎంత? ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అలాంటి పెట్రోలు అంతే గాలికి కొంచెం ఎక్కువ కావాలి. కార్బొరేటర్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) పాత పెట్రోలుకు సరిపెట్టినదైతే ఇంజన్‌కు పెట్రోలు చాలక, అంటే ఎండిపోయి, వేడెక్కుతుంది. డిసెంబరు తెల్లవారుజామున గాలి చిక్కబడితే ఇంకా ఎండుతుంది. ప్లగ్ విప్పి చూడండి, మొన తెల్లగా ఉంటే ఆగండి. కలిపిన పెట్రోలును నెలల తరబడి డబ్బాలో ఉంచకండి, తేమ పీల్చుకుంటుంది.

దిగేటప్పుడు ఫోర్ స్ట్రోక్‌లాగా ఇంజన్ పట్టి ఆపుతుందని నమ్ముకోకండి. టూ స్ట్రోక్‌లో ఆ పట్టు చాలా తక్కువ. పైగా ఆయిల్ పెట్రోలుతో కలిసే లోపలికి వెళ్తుంది కాబట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా మూసి పొడవైన దిగుడు దిగితే పిస్టన్‌కు ఆయిల్ అందదు. మధ్యమధ్య క్లచ్ పట్టి ఒకసారి రేజ్ చేయండి. నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒక బండి పిస్టన్ సిలిండర్‌కు అతుక్కుపోయింది. కారణం దిగుడే.

మణికట్టుకు తాడుతో కట్టుకునే కిల్ స్విచ్ బిగించుకోండి. 300 ఉన్నవాళ్లు ఈ వారమే బిగించుకోండి. మనిషి పడగానే ఇంజన్ ఆగుతుంది. ఎక్కేటప్పుడు ఒంటిని ముందే ముందుకు వంచండి, బండి లాగాక కాదు. మోచేతులు పైకి. ఒక వేలు ఎప్పుడూ క్లచ్ మీద. ఆదోని వైపు నల్లరేగడిలో వాన పడిన మర్నాడు దిగకండి, బురద మడ్‌గార్డులో కూరుకుని చక్రమే తిరగదు. పాత నాపరాయి క్వారీల అంచుకు పోకండి. గడ్డి పెరిగిన బీళ్లలో కాలినడకన వెళ్లి చూసిన దారినే పట్టండి, గట్టు లేని దిగుడుబావులు చాలా ఉన్నాయి. వేరుశనగ చేలలో తొక్కకండి. లంకమల, నల్లమల అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా బండి తిప్పకండి, 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు పడుతుంది. గండికోట రాళ్ల మీద బండి ఎక్కించకండి. రిజిస్ట్రేషన్ లేని మోటోక్రాస్ బండిని రోడ్డెక్కించకండి, ట్రాలీలో వేసుకుని వెళ్లండి. ఒక్కరే పోకండి. ఫోను బండికి కాదు, ఒంటికి ఉండాలి. 108కి చెప్పడానికి దగ్గరి ఊరి పేరు ముందే తెలుసుకోండి.

ఇంకా, మళ్లీ, చదును నేల మీద నడిపి చూసి కొనకండి. అమ్మేవాడు వాలు దగ్గరికి రానంటే బేరం పెంచకండి, తగ్గించకండి. హెల్మెట్ తీసుకుని ఇంటికి వచ్చేయండి.