స్ప్రింగ్ చాసీ పాఠాలు – 4వ భాగం: తీగ ఎంత లావుండాలి, నాబ్ ఎక్కడ పెట్టాలి

బ్రిటన్‌లోని గ్రేట్ వెస్ట్రన్ రైల్వే 5700 తరగతి పానియర్ ట్యాంక్ (బాయిలరుకు రెండు పక్కలా నీళ్ల ట్యాంకులుండే) ఆవిరి ఇంజను బొమ్మ నమూనాకు పోయిన భాగంలో రెండు పక్కల ఫ్రేములు కోసి పెట్టుకున్నాం. వాటిని ఇంకా విడివిడిగానే ఉంచారనుకుంటాను. జత చేసేశాక ఈ పాఠం చేయడం కష్టం.

మన స్కేలులో అడుగంటే 4 మి.మీ., గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) 18.83 మి.మీ. ఈ గేజ్‌లో చక్రం అంచు లోతు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చాసీ బిగుసుకుపోయి ఉంటే పట్టా కాస్త ఎగుడుదిగుడైనా ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, బండి పట్టా తప్పుతుంది. పైగా కరెంటు కూడా చక్రాల నుంచే తీసుకుంటున్నాం కదా. అందుకే ఒక్కో పక్క ఒక్కో ఉక్కు తీగ వేసి, దాని మీద బరువంతా మోయిస్తాం. తీగ ఫ్రేముకు బిగించిన, తలలో రంధ్రమున్న చిన్న పిన్నుల్లాంటి నాలుగు నాబ్‌ల రంధ్రాల్లోంచి వెళ్తుంది. ప్రతి రెండు నాబ్‌ల మధ్యా ఒక ఇరుసు బేరింగ్ ఆ తీగకు ఆనుకుంటుంది.

తీగ కోసం గిటార్ తీగలమ్మే షాపుకెళ్లండి. చుట్టు లేని సాదా ఉక్కు తీగే కావాలి. ప్యాకెట్ మీద 12 అని ఉంటే 0.30 మి.మీ., 14 అని ఉంటే 0.36 మి.మీ. తేడా చూడ్డానికి ఏమీ లేదు. కానీ గట్టిదనం మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, కాబట్టి 14 నంబరు తీగ 12 కన్నా దాదాపు రెట్టింపు గట్టిది. స్ప్రింగుల మీద పడే బరువు 240 గ్రాములైతే ఒక్కో చక్రానికి 40 గ్రాములు. నాబ్‌ల మధ్య దూరం 27 నుంచి 35 మి.మీ. దాకా ఉంటే, 14 నంబరు తీగ ఈ బరువుకు సుమారు అర మిల్లీమీటరు కుంగుతుంది. మనకు కావలసింది అదే. 12 వేస్తే ఇంజను పడవలా ఊగుతుంది.

నాబ్‌ల మధ్య ఖాళీల్లో చివరివాటిని మధ్యదాని కంటే పొట్టిగా ఉంచండి. మధ్య భాగాన్ని తీగ రెండు వైపులా పట్టుకుంటుంది కనుక అది సహజంగానే గట్టిగా ఉంటుంది. చివరలకు ఆ సాయం ఒక్క పక్కే. ఖాళీ పొడవు కొంచెం మారినా కుంగుడు దాని ఘనంతో మారుతుంది, కాబట్టి ఇక్కడ కంటి అంచనా వద్దు, లెక్కేసుకోండి.

ఇప్పుడు బరువు. ముందు ఇరుసుకీ మధ్య ఇరుసుకీ 29 మి.మీ., మధ్యదానికీ వెనకదానికీ 33 మి.మీ. దూరం. మూడింటి మీదా సమానంగా భారం పడాలంటే గురుత్వ కేంద్రం మధ్య ఇరుసుకు 1.3 మి.మీ. వెనక రావాలి. సీసం ముక్కలు అక్కడ సరిపడేలా సర్దండి. చాలామంది మోటారు బరువుతోనే సరిపెట్టేస్తారు, తర్వాత తీగను తిడతారు.

రెండు ఫ్రేములనూ నాలుగైదు చుక్కల సోల్డర్‌తో ఒకదాని వీపుకొకటి అతికించి, నాబ్ రంధ్రాలు ఒకేసారి వేయండి. బేరింగ్ తన సరైన చోట ఉన్నప్పుడు అందులోని తీగ రంధ్రం ఎంత ఎత్తులో ఉంటుందో చూసి, నాబ్ రంధ్రం దానికి అర మిల్లీమీటరు కిందకు రావాలి. బరువు పడ్డాక తీగ కుంగేది అంతే కదా. తర్వాత ఫ్రేములను విడదీసి నాబ్‌లను సోల్డర్ చేయండి. తీగను మాత్రం ఎక్కడా సోల్డర్ చేయకూడదు, అది నాబ్‌లలో జారాలి. ఊడిపోకుండా ఒక చివర కాస్త వంచితే చాలు.

వచ్చే భాగానికి కప్లింగ్ రాడ్లు (చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కడ్డీలు) సిద్ధంగా పెట్టుకోండి. బేరింగుల దూరాన్ని స్కేలుతో కాక వాటితోనే కొలుస్తాం.