ఎమ్మారై స్కానింగ్‌కు ఎలా సిద్ధం కావాలి?

ఎమ్మారై యంత్రంలోని అయస్కాంతం పగలూ రాత్రీ పనిచేస్తూనే ఉంటుంది. స్కానింగ్ లేనప్పుడూ దాని బలం తగ్గదు. అయస్కాంత బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. 1.5 టెస్లాల యంత్రమంటే భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30,000 రెట్లు. జేబులో మరచిన ఇనుప కత్తెరను కూడా అది చటుక్కున లాగేసుకుంటుంది.

అందుకే మొదటి పని, ఒంట్లో ఏమేమి ఉన్నాయో దాచకుండా చెప్పడం. పేస్‌మేకర్ (గుండె లయను సరిచేసే పరికరం), కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం), మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, ఎప్పుడో కంట్లో పడిన ఇనుప రజను, అన్నీ చెప్పండి. పేస్‌మేకర్ ఉన్నంత మాత్రాన స్కానింగ్ కుదరదని కాదు, ఎమ్మారైకి అనువైన రకాలూ ఉన్నాయి. దానితో ఇచ్చిన కార్డు వెంట తీసుకెళ్లండి. గర్భం, కిడ్నీ జబ్బు ఉన్నా ముందే తెలియజేయండి.

తరువాత వాచీ, నగలు, పిన్నులు, వినికిడి యంత్రం తీసేయండి. చర్మానికి అంటించుకున్న మందు పట్టీలను చాలామంది మరచిపోతారు. కొన్నింటిలో పలుచని లోహపు పొర ఉంటుంది, అది వేడెక్కి చర్మం కాలవచ్చు.

ఇక పడుకునే తీరు. దీని గురించి రోగులకు ఎవరైనా విడమరచి చెబితే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. చేతులు జోడించుకోకండి, కాళ్లు ఒకదానిపై ఒకటి వేసుకోకండి. యంత్రం పంపే రేడియో తరంగాలు శరీరంలోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలను కదిలిస్తాయి, అవి తిరిగి పంపే సంకేతాలతోనే చిత్రం తయారవుతుంది. అయితే మన ఒళ్లు ఉప్పునీటిలా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. రెండు అరచేతులు తగిలితే భుజాల నుంచి వేళ్ల దాకా ఒక వలయం ఏర్పడుతుంది. ఆ తరంగాల వల్ల అందులో విద్యుత్తు పుట్టి, చర్మం తాకినచోట కాలవచ్చు. తొడల మధ్య మెత్తటి ప్యాడ్ పెట్టమని అడగండి.

స్కానింగ్ మొదలయ్యాక సమ్మెట దెబ్బల్లాంటి మోత వినిపిస్తుంది. యంత్రంలోని తీగచుట్టల్లో విద్యుత్తు వేగంగా మారుతుంటే, అయస్కాంత క్షేత్రంలో అవి అదురుతాయి. చెవులకు రక్షణ లేకుండా లోపలికి వెళ్లకండి. కండరం కాస్త అదిరితే కంగారుపడకండి, మారుతున్న క్షేత్రం నరాలను తాకడం వల్లే అలా జరుగుతుంది. కదలకుండా పడుకోండి. ఎక్కడైనా చురుక్కుమన్నా, మంటగా అనిపించినా ఓర్చుకోవద్దు. చేతిలో పెట్టిన రబ్బరు బంతిని వెంటనే నొక్కండి. స్కానింగ్ ఆపి మిమ్మల్ని బయటికి తీస్తారు.