మేడ మీద రీపర్ల తెర: చూపు ఆగాలి, గాలి ఆడాలి

బెంగళూరులో 30×40 అడుగుల సైట్లలో ఇళ్లు ఎంత దగ్గరగా ఉంటాయో ఇక్కడ కాపురం ఉంటున్న తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. మా అమ్మ అనంతపురం నుంచి వచ్చినప్పుడల్లా తలస్నానం చేసి మేడ మీద జుట్టు ఆరబెట్టుకునేది. ఎదురింటి పై అంతస్తులో బాల్కనీ వచ్చాక, "అందరూ చూస్తుంటే ఎలా కూర్చునేదిరా" అంటూ పైకి వెళ్లడమే మానేసింది. వెంటనే టార్పాలిన్ కట్టాను. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఉరుముల వానకు ముందు లేచిన గాలికి అది తెరచాపలా ఉబ్బి, రింగులన్నీ తెంపుకుంది. గాలిని పూర్తిగా ఆపేదేదీ మేడ మీద నిలవదని అప్పుడు అర్థమైంది. సందులు వదిలి కొట్టిన చెక్క రీపర్లు, అంటే సన్నటి పొడవాటి చెక్క పట్టీలు, చూపును ఆపుతాయి, గాలిని మాత్రం పోనిస్తాయి.

ముందు చూపు ఎటునుంచి వస్తోందో చూడండి

చాలామంది ఈ పని చేయకుండానే రీపర్లు కొనేస్తారు. మీరు రోజూ కూర్చునే చోట కుర్చీ వేసుకుని కూర్చోండి. మిమ్మల్ని చూడగలిగే కిటికీలు, బాల్కనీలు ఏవో లెక్కపెట్టండి. పై అంతస్తు నుంచి కిందికి చూసేవాళ్లు ఎక్కువైతే రీపర్లు అడ్డంగా కొట్టాలి. మీ ఎత్తులోనే పక్కవాటుగా చూసేవాళ్లుంటే నిలువుగా కొట్టాలి. కారణం రీపరు మందం. ముప్పావు అంగుళం మందం రీపర్లను అడ్డంగా కొట్టి మధ్య అర అంగుళం సందు ఇస్తే, సరిగ్గా ఎదురుగా ఉన్నవాళ్లకు సన్నటి గీతల్లా ఏదో కనిపిస్తుంది. 35 డిగ్రీల వాలు నుంచి చూసేవాళ్లకు మాత్రం చెక్క తప్ప ఇంకేమీ కనపడదు. సందు ఎప్పుడూ మందం కంటే తక్కువే ఉండాలి.

ఎత్తు తేల్చడానికి పాత చీర చాలు. రెండు కర్రలకు కట్టి నిలబెట్టి, ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి చూడండి. ఎదురింటివాళ్లతో పరిచయం ఉంటే వాళ్ల బాల్కనీలోంచి ఒకసారి చూడనివ్వమని అడగండి. తెర కడుతున్నామని ముందే చెప్పినట్టూ ఉంటుంది. మా ఎదురింటి కన్నడ ఆంటీ తనే పిలిచి చూపించింది. చీకటి పడ్డాక మేడ మీద లైటు వేసి ఇంకోసారి చూడండి, పగలు కనపడనివి రాత్రి సందుల్లోంచి కనిపిస్తాయి. మాకు నేల నుంచి ఆరున్నర అడుగులు సరిపోయింది. అద్దె ఇల్లయితే ఓనర్‌ని, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

పిట్టగోడ బలం

స్లాబుకు రంధ్రం పెట్టొద్దు. వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతిని కింది గదిలోకి నీళ్లు దిగుతాయి. రీపర్లు కొట్టే స్తంభాలను పిట్టగోడ లోపలి ముఖానికే బిగించాలి. అయితే గోడలన్నీ ఒకటి కావు. కనపడని మూలలో డ్రిల్‌తో చిన్న రంధ్రం వేసి చూడండి. పైన ప్లాస్టరు దాటాక ఎర్రపొడి రాలితే ఇటుక, బూడిదరంగు పొడే రాలుతుంటే కాంక్రీటు లేదా గట్టి సిమెంటు బ్లాకు. డ్రిల్ ఉన్నట్టుండి లోపలికి జారిపోతే అది బోలు బ్లాకు. బోలు బ్లాకులో మామూలు యాంకర్ బోల్టు (రంధ్రంలో విచ్చుకుని గోడను పట్టుకునేది) పట్టదు. నాలుగంగుళాల పలచటి గోడ అయినా, కదిపితే ఊగే గోడ అయినా తెర బరువు దాని మీద పెట్టకండి. అలాంటప్పుడు కాంక్రీటు పిల్లర్లకే బిగించేలా మేస్త్రీతో మాట్లాడండి. ఈ ఒక్క చోట డబ్బు చూసుకోకండి. తెర ఊడితే కింద వీధిలో నడిచేవాళ్ల మీద పడుతుంది.

ఏ కర్ర?

మైసూరు రోడ్డులోని న్యూ టింబర్ యార్డ్ లేఅవుట్‌లో డిపోలు వరసగా ఉంటాయి. బోల్టులు, స్క్రూలు ఎస్.జె.పి. రోడ్డులో దొరుకుతాయి. టేకు కొంటే చేవ భాగమే అడగండి, అంచున తెల్లగా ఉండే పైచెక్క వానకు త్వరగా పాడవుతుంది. ఇక్కడ హొన్నె అనేది మన వేగిసే. షుగర్ ఉన్నవాళ్లు రాత్రి నీళ్లు పోసి ఉంచి పొద్దున తాగే గ్లాసు ఈ చెక్కదే. గట్టి కర్రే గానీ, గ్లాసులో నీళ్లకు రంగు దిగినట్టే మొదటి వానలకు దీని రంగు కారి టైల్స్ మీద మరకలు పడతాయి. కొడగు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ చవక, కానీ ఆరుబయట వానకు నిలవదు.

లెక్క ఇలా వేసుకోండి. మా తెర 12 అడుగుల పొడవు, మూడడుగుల పిట్టగోడ పైన 42 అంగుళాల ఎత్తు. రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం రీపరు చిత్రిక పట్టాక ఒకటి ముప్పావు, ముప్పావుకు వస్తుంది. అర అంగుళం సందుతో 19 వరసలు, వరసకు ఆరడుగులవి రెండు, మొత్తం 38 రీపర్లు. ఈ సైజువి ఘనపుటడుగుకు 12 వస్తాయి. తరుగు కలుపుకుని మూడున్నర ఘనపుటడుగులు తీసుకున్నాను. తెచ్చిన వెంటనే కొట్టకుండా, మధ్య మధ్య పుల్లలు పెట్టి నీడలో రెండు వారాలు పేర్చి ఉంచండి. వంకర తిరిగేవి అక్కడే బయటపడతాయి.

బిగించడం

స్తంభాలుగా రెండంగుళాల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) చదరపు పైపులు ఐదు, మూడేసి అడుగుల దూరంలో. పైన మూతలు వేయండి, లేకపోతే పైపులోకి నీళ్లు దిగి లోపలినుంచి తుప్పు పడుతుంది. పైపు కింది చివర నేలకు రెండంగుళాలు పైన ఆగాలి. ఒక్కో పైపుకు నేల నుంచి అడుగు ఎత్తున ఒక బోల్టు, గోడ పైఅంచుకు అర అడుగు కింద ఇంకొకటి. రెండు చివరి పైపులు ముందు నిలబెట్టి రసమట్టంతో చూసుకుని, వాటి మధ్య దారం లాగి మిగతా మూడు ఆ దారానికి కలపండి.

రీపర్లను పైపులకు లోపలివైపు నుంచే కొట్టండి, పిట్టగోడ మీదికి వంగాల్సిన పని ఉండదు. స్క్రూలు 304 స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడాలి. మామూలు ఇనుప స్క్రూ పెడితే వాన తగలగానే చుట్టూ నల్లటి మచ్చ పడుతుంది. ముందు రంధ్రం వేసి బిగించకపోతే చివర్లు చీలతాయి. చెక్కకూ పైపుకూ మధ్య చిన్న రబ్బరు వాషర్ పెడితే అక్కడ నీళ్లు నిలవవు. సందు ప్రతిసారీ కొలవక్కర్లేదు, అర అంగుళం ప్లైవుడ్ ముక్క మధ్యలో పెట్టి తర్వాతి రీపరు కొట్టండి. అడ్డ రీపర్ల పైఅంచును చిత్రికతో కొంచెం వాలుగా తీస్తే నీళ్లు జారిపోతాయి.

నూనె

వార్నిష్ ఎండకు పొట్టులా లేచిపోతుంది. షాపులో 'బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్' పేరుతో దొరికే అవిసె నూనెను (ఇంట్లో ఉడికించేది కాదు) గుడ్డతో పట్టించండి, ముఖ్యంగా కోసిన చివర్లకు, నీళ్లు తాగేది అవే. బిగించకముందే నాలుగు పక్కలా ఒకసారి, బిగించాక ఇంకోసారి. నూనె అయిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. నీళ్లలో తడిపి విడిగా పరిచి ఆరబెట్టాకే పారేయాలి. ఏటా మే నెలలో, జూన్ వానలు మొదలయ్యేలోపు, స్క్రూలు ఒకసారి బిగించి ఇంకో పూత నూనె వేయండి.